అడుగు కాస్త సరిచేశాను

మార్చి 2

ఈ డైరీలో అక్క ఊసెత్తకూడదు. నియమం పెట్టుకున్నాను. నాలుగు నెలలుగా మాటల్లేని మనిషి కోసం కాగితం ఎందుకు తగలెయ్యాలి.

ఇవాళ కండువాగారు వచ్చాడు. బొమ్మల గ్యాలరీ ఓనరు. ఎండ మాడ్చేస్తున్నా మెడలో ఆ కండువా తియ్యడు. తీస్తే కళాభిరుచి జారి కింద పడుతుందని భయం కాబోలు. షెడ్డంతా కలయదిరిగి, రంపప్పొట్టు బస్తా మీద కూర్చుని, లేచి వెనక దులుపుకుని, "మేడమ్, ఏప్రిల్ ఇరవై ఆరు. మీ ఒక్కరి ప్రదర్శన. ప్రకృతి రూపాలు, పొగ కాల్పు. పది పాత్రలుంటే చాలు. పేరు మాత్రం ఒకటే ఉండాలి. రెండు పేర్లుంటే జనం తికమకపడతారు," అన్నాడు.

జనం పెళ్ళిపత్రికల మీద రెండు పేర్లు చూసి తికమకపడగా నేనెప్పుడూ చూడలేదు. అయినా సరేనన్నాను. "ఒకటే పేరు" అన్నప్పుడు లోపల ఎంత హాయిగా అనిపించిందో రాసుకోవాలి, ఎలాగూ ఇది ఇంకెవరూ చదవరు. యాభై రెండేళ్ళొచ్చాయి. అందులో ఇరవై ఏళ్ళు పొగలో మొహం పెట్టుకునే గడిపాను. ఇది బాగా జరిగితే నేనొక్కదాన్నీ చాలునని అందరికీ తెలుస్తుంది. అందరికీ అంటే అందరికీ. ప్రత్యేకించి ఎవరికీ కాదు.

మార్చి 3

నియమం పాటించాను.

మార్చి 6

ఒక్కసారి రాసేసి వదిలేస్తాను. ఆ తర్వాత ఇంక ఆ ఊసుండదు.

మా షెడ్డులో పని రెండు భాగాలు. అక్క మట్టితో పాత్ర చేసి, నున్నటి గులకరాయితో రుద్ది రుద్ది మెరుపు తెప్పించి, కరెంటు బట్టీలో చిన్న సెగ మీద ఒకసారి కాలుస్తుంది. అక్కడితో దాని పని సరి. తర్వాత నాది. చిల్లులు పొడిచిన రేకు డ్రమ్ములో రంపప్పొట్టు, ఎండుటాకులు, అరటితొక్కలు పేర్చి, నడుమ పాత్ర పెట్టి, ఉప్పునీళ్ళలో నానిన తాడో, రాగితీగో దానికి చుట్టి, పైన నిప్పంటించి మూత పెట్టేస్తాను. రోజంతా పాత్ర పొగ తాగుతుంది. మర్నాడు తీస్తే ఒంటి నిండా మబ్బులు, చారలు, ఎర్రటి జీరలు. రంగన్నది చుక్క కూడా వాడం. జనం ఆహా అనేది ఆ మబ్బుల్ని చూసి. కింద ఉన్న కుండని చూసి కాదు. ఇది నా అభిప్రాయం కాదు, లోకం అభిప్రాయం.

అక్కకి ఒక చాదస్తం ఉంది. చేసిన ప్రతిదాని అడుగునా పచ్చిగా ఉండగానే చిటికెనవేలి గోటితో మూడు నొక్కులు నొక్కుతుంది. "ఎందుకే, ఎవరెత్తుకుపోతారని?" అనేదాన్ని. "ఎవరూ ఎత్తుకుపోరులే. ఎవరు చేశారో దానికి తెలియాలి కదా," అనేది. కుండకి తెలియాలట.

నవంబరులో పేపరావిడ వచ్చింది. గంటసేపు నాతో మాట్లాడింది. అక్క వెనకాల మట్టి పిసుకుతోంది. వెళ్ళబోతూ గొంతు తగ్గించి, "ఆవిడ మీ సహాయకురాలా?" అని అడిగింది. సరిగ్గా అప్పుడే నా కళ్ళలో పొగ పడింది. తల ఎటు ఊపానో నాకే తెలీదు. ఆదివారం పేపర్లో నా ఫోటో వేసి, చిట్టచివరి వాక్యంలో "మట్టి పనిలో వీరికి ఒక సహాయకురాలు తోడుంటారు" అని రాసింది.

అక్క చదివింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. షెడ్డు తాళంచెవి బల్ల మీద పెట్టి, "ఇంక మట్టి పని కూడా నువ్వే చూసుకో," అంది. మర్నాడు బావ చిన్న వ్యాను తెచ్చి దాని సామాను వేసుకుపోయాడు.

ఇందులో నేను చేసిందేముంది. కళ్ళలో పొగ పడటం కూడా నా నేరమేనా.

మార్చి 11

మట్టి పని బ్రహ్మవిద్యేమీ కాదు. మార్కెట్‌కెళ్ళి గుమ్మడికాయ, సొరకాయ, దోసకాయ కొన్నాను. బల్ల మీద పెట్టుకుని వాటిని చూస్తూ పదకొండు చేశాను. మట్టిని తాడులా పేని ఒకదాని మీద ఒకటి చుట్టుకుంటూ పోయి, అతుకులు కలిపెయ్యడమే. నేనైతే టేపు పెట్టి కొలతలు కూడా తీసుకున్నాను. అక్క ఏనాడూ టేపు ముట్టలేదు. కాయని ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, జ్వరమొచ్చిన పిల్లని తడిమినట్టు తడిమేది. తర్వాత ఆ కాయనే కూర వండేది.

పొట్టు తెచ్చే వడ్రంగి గుమ్మంలో ఆగి చూశాడు.

"ఎలా ఉన్నాయయ్యా?" అన్నాను.

అతను బస్తా దింపి, నడుం మీద చేతులు పెట్టుకుని, తీరిగ్గా ఒక్కొక్కటీ చూశాడు. "బుద్ధిగా ఉన్నాయమ్మా," అన్నాడు.

మెచ్చుకోలనే అనుకుంటున్నాను.

మార్చి 19

ఆరు పేలిపోయాయి.

లోపల తడి ఆరకుండా బట్టీలో పెడితే, ఆ తడి ఆవిరై కుండని బద్దలుకొట్టుకుని బయటికొస్తుంది. ఇది నాకు తెలుసు. ఇరవై ఏళ్ళ నుంచీ తెలుసు. అక్క కుండని చెంపకి ఆనించుకునేది. చల్లగా తగిలితే ఇంకా తడి ఉందని, మరో నాలుగు రోజులు ఆగమనేది. నేనూ ఆనించుకున్నాను. పదకొండూ ఒకేలా తగిలాయి. షెడ్డులో టప్ టప్ అంటుంటే పక్కింటాయన గోడ మీంచి తొంగిచూసి, "ఏంటండీ, ఏదైనా శుభకార్యమా?" అన్నాడు.

ఈ ఏడు గాలిలో తేమ ఎక్కువ. అదీ కారణం.

మార్చి 20

ఇంకా అయిదున్నాయి. చేతికి వేళ్ళూ అయిదే, లోకం నడవట్లేదా.

మార్చి 27

ఆ అయిదూ పోయాయి. పగల్లేదు. పగిలినా బాగుండేది, ఏరి పారేసేదాన్ని.

జరిగింది రాసుకోవాలి. పోయిన వారం కండువాగారు ఫోన్ చేసి, వాళ్ళ అత్తగారు మా పాత్రలో నీళ్ళు పోసి పువ్వులు పెట్టారని, తెల్లారేసరికి బల్లంతా చెమ్మని చెప్పాడు. మా పాత్రల్లో నీళ్ళు నిలవవు. అవి చూసుకోవడానికి. ఆ మాట అని ఊరుకోవలసింది. నాకు పౌరుషం వచ్చింది. నీళ్ళు కారని పొగ పాత్రలు చేసి చూపిస్తానని బట్టీ సెగ బాగా పెంచాను. గట్టిపడ్డాయి, ఇటుకల్లా. మెరుపు పోయింది. డ్రమ్ములో పెడితే పొగ వాటిని అంటుకోనే లేదు. చిన్న సెగలో కాలిన మట్టి గుల్లగా ఉంటేనే పొగ తాగుతుంది. ఎక్కువ కాలితే మూతి బిగించేస్తుంది.

ఇప్పుడు నా బల్ల మీద అయిదు బూడిదరంగు సొరకాయలున్నాయి. ఉతికి ఉతికి వెలిసిపోయిన సాక్సుల్లా ఉన్నాయి.

మళ్ళీ మొదలెట్టాను. ఈసారి గులకరాళ్ళ ఆకారాలు. తెలివైన ఆలోచన. గుమ్మడికాయ చేస్తే ఇది గుమ్మడికాయలా లేదనొచ్చు. ఇది రాయిలా లేదని ఎవరంటారు.

ఏప్రిల్ 1

పొరపాటున అక్కావాళ్ళింటికి ఫోన్ చేశాను. పొరపాటున అంటే నంబరు నొక్కాను. బావ ఎత్తాడు.

"ఏం మరదలా, బతికున్నావా?"

"ఊరికే చేశాను బావా."

"ఊరికే చేస్తే ఊరికే మాట్లాడు. ఎవరొద్దన్నారు?"

"అక్క ఏం చేస్తోంది?"

"అక్కా?" అని ఆగాడు. బావకి అబద్ధం ఆడటం రాదు, నిజం చెప్పే ధైర్యమూ లేదు. "ఇక్కడ లేదే. బయటికెళ్ళింది." తర్వాత రిసీవరుకి చెయ్యి అడ్డం పెట్టి, "సరిగ్గానే చెప్పానా?" అన్నాడు. చెయ్యి సరిగ్గా పెట్టలేదు.

పెట్టేశాను. ఆవిడకి అంత అయితే నాకు ఇంత. అసలు తన గురించి ఆలోచించే తీరిక నాకెక్కడుంది.

ఏప్రిల్ 4

రాగితీగ కోసం నిచ్చెనేసుకుని అటక ఎక్కాను. పాత పెయింటు డబ్బాల వెనక, దుప్పటి ముక్కలో చుట్టి ఒకటి కనిపించింది. అక్కది. చేసి, మెరుగుపెట్టి, మొదటి కాల్పు కూడా అయిపోయి ఉంది. పొగ ఒక్కటే తక్కువ. వ్యాను ఎక్కించేటప్పుడు మర్చిపోయినట్టున్నారు.

గుమ్మడికాయ. గోడ పక్కన కాసి, గోడకి ఒరిగి పెరిగిన గుమ్మడికాయ. ఒక పక్క చదునుగా నొక్కుకుపోయి ఉంది. రెండో పక్క ఆ నష్టాన్ని పూడ్చుకోవడానికి ఉబ్బింది. తొడిమ దగ్గర వేలు దూరేంత మూతి. ఎంత తేలిగ్గా ఉందంటే, బరువుంటుందనుకుని ఎత్తిన నా చెయ్యి పైకి లేచిపోయింది.

మళ్ళీ చుట్టి పెట్టేశాను.

ఏప్రిల్ 5

ముట్టుకోలేదు.

ఏప్రిల్ 6

ముట్టుకున్నాను. దుమ్ము తుడవడానికి.

ఏప్రిల్ 8

అక్కడ అటక మీద ఎలుకలు తిరుగుతాయి. పడి పగిలిపోతే ఎవరికి ఉపయోగం. పైగా షెడ్డు నాది, అద్దె నాది, డ్రమ్ము నాది. పొగ లేకపోతే అది ఉత్త మట్టికాయ. పొగ పెట్టి ఉంచుతాను, ఎప్పుడైనా వచ్చి అడిగితే ఇచ్చేస్తాను. ఇందులో ఎవరికీ అన్యాయం లేదు.

పొద్దున్నే డ్రమ్ము పేర్చాను. ఇంత శ్రద్ధగా ఎప్పుడూ పేర్చలేదు. చదును పక్కకి పొట్టు దట్టంగా కూరాను. ఉబ్బిన పక్క ఆకులు వదులుగా వేశాను. నొక్కు పడ్డ చోట ఒకే ఒక్క రాగితీగ.

డ్రమ్ములో పెట్టేముందు చూస్తే కుదురుగా నిలబడట్లేదనిపించింది. గరుకు కాయితంతో అడుగు కాస్త సరిచేశాను.

ఏప్రిల్ 9

మూత తీశాను. బూడిద ఊది, బయటికి తీసి, గుడ్డతో తుడిచాను.

చదును పక్కంతా చిక్కటి నలుపు. అక్కణ్ణుంచి పొగ పల్చబడుతూ, కాయ గట్ల మీదుగా ఎక్కుతూ దిగుతూ, ఉబ్బిన పక్కకి వచ్చేసరికి తెల్లవారే వేళ ఆకాశంలా తేలిపోయింది. నొక్కు దగ్గర సన్నగా ఎర్ర జీర.

ఇరవై ఏళ్ళలో ఇలాంటిది రాలేదు. ఏదైనా బాగా వస్తే నేను, "ఏమే, ఇలా రా," అని కేకేసేదాన్ని. అక్క మట్టి చేతులతోనే వచ్చి, ముట్టుకోకుండా చేతులు వెనక్కి కట్టుకుని, వంగి చూసేది. ఇవాళ నోట్లోంచి కేక సగం వచ్చాక గుర్తొచ్చింది.

చాలాసేపు పట్టుకుని కూర్చున్నాను. చెప్పుకోవడానికి ఎవరూ లేకపోవడం ఎంత బాధో ఇవాళ తెలిసింది.

ఏప్రిల్ 10

పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని కండువాగారు వచ్చాడు. నా గులకరాళ్ళు ఎనిమిది, అయిదు సాక్సులు, బల్ల మీద వరసగా పెట్టాను. గుమ్మడికాయని కిటికీలో పెట్టాను. కిటికీలో ఎందుకంటే బల్ల మీద చోటు లేదు.

అతను బల్ల వైపు తిరగనేలేదు. కిటికీ దగ్గరికెళ్ళి కండువా తీసేశాడు. నిజంగా తీసేశాడు, కళ్ళొత్తుకోవడానికి.

"మేడమ్. ఇది పాత్ర కాదు. ఇదొక ప్రశ్న."

"అవునండీ," అన్నాను.

"ఈ ఒరగడం ఉందే, ఈ నొక్కు. జీవితం మనల్ని నొక్కితే మనం ఎటు ఉబ్బాలి అని అడుగుతోంది. ఇది ఎలా తట్టింది మీకు?"

తట్టలేదు. అటక మీద దొరికింది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో అతను ఫోన్ తీసి ఎవరితోనో, "ఆహ్వానపత్రిక మీద బొమ్మ దొరికింది, అచ్చు ఆపండి," అని చెబుతున్నాడు. ఫోన్లో ఉన్న మనిషికి అడ్డుతగలడం మర్యాద కాదు.

గుమ్మడికాయల దొంగ గురించి ఒక సామెత ఉంది. నాకు తెలుసు. ఎవరూ చెప్పక్కర్లేదు. భుజం మీద దురద పెడితే గోక్కున్నాను, అది చెమటకాయ.

ఏప్రిల్ 15

ప్రదర్శనకి పీటలు కావాలని వడ్రంగిని రమ్మన్నాను. గులకరాళ్ళకి కొలతలు రాసుకున్నాడు. గుమ్మడికాయ దగ్గర పెన్సిల్ చెవిలో పెట్టేసుకున్నాడు.

"పెద్దమ్మగారు మళ్ళీ వస్తున్నారా?" అన్నాడు. అక్కని అలాగే అంటాడు.

"లేదే. ఎందుకు?"

"ఇది ఆవిడ చెయ్యి కదమ్మా."

"నేను చేశానయ్యా."

అతను నా వైపు చూడకుండా పీట కొలత తీసుకున్నాడు. "అలాగేనమ్మా. మీకు వంకర రాదనుకున్నాను ఇన్నాళ్ళూ. మీవన్నీ తిన్నగా ఉంటాయి కదా."

రంపప్పొట్టు అమ్ముకునేవాడికి కూడా శిల్పశాస్త్రం తెలిసిపోయింది. పీటకి మెరుగు సరిగ్గా పెట్టమని రెండుసార్లు చెప్పాను. అవసరం లేదు, అతనెప్పుడూ సరిగ్గానే పెడతాడు.

ఏప్రిల్ 18

ఆహ్వానపత్రికలు వచ్చాయి. పేజీ నిండా గుమ్మడికాయ. కింద నా పేరు, ఒక్కటే. జనం ఏ మాత్రం తికమకపడరు.

బావ పేర ఒకటి పంపాను. అక్కకి కాదు, బావకి. బావకి బిస్కెట్లంటే ఇష్టం, అక్కడ పెడతారు.

పంపకపోతే దాచినట్టవుతుంది కదా. పంపాను కాబట్టి దాచలేదు.

ఏప్రిల్ 21

పాత పేజీ ఒకటి మళ్ళీ చదివాను. ఎనిమిదో తారీఖుది. అడుగు నిజంగానే కుదురుగా లేదు. కాస్త ఊగేది. నాకు బాగా గుర్తు.

ఏప్రిల్ 26

రాయాలి. అంతా వరసగా రాయాలి.

హాలు నిండింది. గుమ్మడికాయని నడుమ ఎత్తు పీట మీద పెట్టి, పైన లైటు వేశారు. ముందు "ముట్టుకోరాదు" అని అట్ట. చుట్టూ నా గులకరాళ్ళు, సాక్సులు. సాక్సులకి కండువాగారు "మౌనం: ఒకటి నుంచి అయిదు" అని పేరు పెట్టాడు. ఒకాయన మౌనం మూడు ముందు చాలాసేపు తల ఆడించాడు.

ఆరున్నరకి అక్క వచ్చింది. బావ బిస్కెట్ల బల్ల వైపు తిరిగాడు, అక్క మాత్రం సూటిగా నడుమకి నడిచింది. అట్ట చదివింది. చదివి, రెండు చేతులతో గుమ్మడికాయని ఎత్తింది. ఎత్తి బోర్లించింది. బొటనవేలితో అడుగు తడిమింది. ఒకసారి కాదు, మూడుసార్లు.

మెరుగు పోయిన చోట పొగ ఎక్కువ పడుతుంది. అడుగున అరచేతి వెడల్పు నల్లటి మచ్చ, నిగ్గు లేకుండా. తెలిసినవాళ్ళకి తప్ప కనిపించదు.

నేను పక్కకి వెళ్ళి నిలబడ్డాను. "అక్కా," అన్నాను. అయిదు నెలలయ్యాక, ఇంకా పైనే.

"అడుగున పొగ ఎక్కువ తాగింది," అంది. పనిలో ఎప్పుడూ మాట్లాడే గొంతే.

"కుదురుగా లేదని కాస్త సరిచేశాను."

"అలాగా. కుదురుగానే చేశాననుకున్నాను."

కండువాగారు పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా, అమ్మా, ముట్టుకోకూడదు. మీరెవరండీ?"

అక్క దాన్ని జాగ్రత్తగా పీట మీద పెట్టి, చదును పక్క గోడ వైపు వచ్చేలా తిప్పింది. నేను అటూ ఇటూ ఎన్ని రకాలుగా పెట్టినా కుదరలేదు. అక్క ఒక్కసారి తిప్పితే కుదిరింది.

"సహాయకురాలిని," అంది.

అతను నా చేతికి మైకు ఇచ్చాడు, రెండు ముక్కలు మాట్లాడమని. ఏమన్నానో మాటకి మాట రాస్తాను.

"ఆ గుమ్మడికాయ నేను చేయలేదు. మా అక్క చేసింది. అదిగో ఆవిడ."

చప్పట్లు. కండువాగారు మైకు లాక్కుని, "చూశారా వినయం. తన సృష్టిని కూడా అక్కగారి పాదాల దగ్గర పెట్టారు," అన్నాడు. ఇంకా చప్పట్లు.

మైకు మళ్ళీ లాక్కున్నాను. "వినయం కాదండీ. నాకు అలాంటి జబ్బులు లేవు. నిజంగా ఆవిడే చేసింది. మట్టి ఆవిడది, ఆకారం ఆవిడది. అటక మీద దొరికితే నేను పొగ పెట్టాను."

నవ్వారు. ముందు వరసలో ఒక పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ, "నేనేం చేసినా మా అమ్మే చేసినట్టుంటుందమ్మా నాకూ," అన్నాడు. పేపరావిడ "అటక" అన్న మాట రాసుకుని, "మనసు అటకా?" అని అడిగింది.

కండువాగారు చెవిలో, "మేడమ్, బాగా పండింది, ఇంక చాలు," అన్నాడు.

"నిజమండీ బాబూ."

"పోనీ ఆవిడ చేసినట్టు గుర్తేమైనా ఉందా?"

"ఉండేది," అన్నాను. "అడుగు సరిచేసినప్పుడు పోయింది."

అతను నా భుజం తట్టాడు.

జన్మంతా లేనివి కల్పించి చెబితే నమ్మారు. ఇవాళ నిజం చెబితే కవిత్వం అంటున్నారు. తిరిగి చూసేసరికి అక్క లేదు. బావ జేబులో బిస్కెట్లు సర్దుకుంటూ, "బాగా మాట్లాడావు మరదలా. బయట స్కూటర్ దగ్గర ఉంది," అన్నాడు.

పరిగెత్తాను. స్కూటర్ పక్కన నిలబడి ఉంది, హెల్మెట్ చేతిలో పట్టుకుని.

"చెప్పాను కదే అందరికీ."

"విన్నాను."

"నమ్మలేదు వాళ్ళు."

"వాళ్ళు నమ్మితే నాకేం, నమ్మకపోతే నాకేం," అంది. హెల్మెట్ పెట్టుకుని పట్టీ బిగించుకుంది. "ఊరందరికీ చెప్పావు. నాకేమైనా చెప్పావా?"

బావ వచ్చి స్కూటర్ స్టార్ట్ చేశాడు. వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చి ఏడ్చాను.

ఏప్రిల్ 28

పేపర్లో పడింది. "నా మనసు అటక మీద మా అక్క ఉంది" అని నేనన్నానట, పెద్ద అక్షరాల్లో.

ఏప్రిల్ 29

కండువాగారికి ఫోన్ చేసి గుమ్మడికాయ తీసెయ్యమన్నాను. పేరు మార్చి అయినా పెట్టమన్నాను. ఆహ్వానపత్రికలు వెళ్ళిపోయాయి కదా మేడమ్ అన్నాడు. పాత్ర ఇవ్వకపోతే పోలీసుల్ని తీసుకొస్తానన్నాను. ఏమని ఫిర్యాదు చేస్తారు, మీ పాత్ర మీ పేరుతో పెట్టామనా, అన్నాడు. ఆ మనిషి అన్నవాటిలో తెలివైన మాట ఇదొక్కటే.

చివరికి ఈ మధ్యాహ్నం ఆటకట్టించాను. వెళ్ళి "ముట్టుకోరాదు" అట్ట పక్కకి నెట్టి, గుమ్మడికాయని తువ్వాలులో చుట్టుకుని నడిచి వచ్చేశాను. నేనే తీసుకెళుతుంటే దొంగతనం ఎలా అవుతుందో వాచ్‌మన్‌కి అర్థం కాలేదు. పెద్దగా నాకూ అర్థం కాలేదు.

మే 2

పొద్దున తొమ్మిదింటికి అక్కావాళ్ళింటికి వెళ్ళాను. మేడ మీద వాటా. బావ తలుపు తీసి, నన్నూ తువ్వాలు మూటనీ చూసి, "నేను పాలకి వెళ్ళొస్తాను," అన్నాడు. చేతిలో పాల ప్యాకెట్ ఉంది.

అక్క వెనక డాబా మీద ఉందని చెప్పాడు. వెళ్ళాను.

డాబా మీద ఒక రేకు డ్రమ్ము ఉంది. చిల్లులు పొడిచారు, చేతికొచ్చిన చోటల్లా. గోడ వారగా పదిహేడు పాత్రలు. లెక్కపెట్టాను. గవ్వలు, కాయలు, ఒక తేనెతుట్టె, అన్నీ అక్క చేతివే, అన్నీ ఎంత చక్కటి ఆకారాలో. వాటి మీద పొగ మాత్రం. అమ్మ బాబోయ్. కొన్ని అడుగంటిన మూకుడులా మాడాయి. కొన్నిటికి ఒక బుగ్గ మీదే మసి. తేనెతుట్టె మీద అరటితొక్క తొక్కలాగే అచ్చుపడింది. పొట్టు పచ్చిది వాడినట్టుంది, కొన్నిటి మీద తారు కారి గడ్డకట్టింది.

నాకు చూడగానే ఆరు మాటలు నోట్లోకి వచ్చి వరసలో నిలబడ్డాయి. ఒకటి మూకుడు గురించి. ఒకటి బావ బట్టతల గురించి. నాలుగోది అన్నిటికంటే బాగుంది. పళ్ళు బిగపట్టుకున్నాను. అది నాకు ఎంత కష్టమో నన్నెరిగినవాళ్ళకే తెలుస్తుంది.

అక్క నన్ను చూసింది, వాటికి అడ్డంగా జరిగి నిలబడింది. చిన్నప్పుడు నేను పగలగొట్టినవాటికి అలాగే అడ్డం నిలబడేది.

మూట విప్పి గుమ్మడికాయని పిట్టగోడ మీద పెట్టాను.

"అడుగు కుదురుగానే ఉంది," అన్నాను. "నీ గోటి నొక్కులు నేనే గీకేశాను. కావాలని గీకేశాను. అరగంట పట్టింది. మధ్యలో ఆపొచ్చు, ఆపలేదు."

అక్క చేతికంటిన మసి కొంగుకి తుడుచుకుంది.

"ఆ పేపరావిడ అడిగినప్పుడు నా కళ్ళలో పొగేమీ పడలేదు. ఆ రోజు డ్రమ్ము వెలిగించనే లేదు. అవునన్నాను. నోటితోనే అన్నాను."

"విన్నాను అప్పుడే," అంది అక్క. "నేను చెవిటిదాన్ని కాదు కదా. మట్టి పిసుకుతున్నాను, అంతే."

అంటే ఇన్నాళ్ళూ తెలుసు. పేపర్లో పడే వరకు ఆగింది. నేను ఏ రోజుకైనా చెబుతానేమోనని ఆగింది. కింద వీధిలో ఎవరో కూరగాయల బండి తోసుకుపోతున్నారు. అది వీధి చివరిదాకా పోయింది. నేను పిట్టగోడ మీద కూర్చున్నాను.

అక్క గుమ్మడికాయని తీసుకుని, ఈసారి అడుగు చూడలేదు. మబ్బుల్ని చూసింది. చేతులు వెనక్కి కట్టుకోవడానికి లేదు, అది చేతిలోనే ఉంది. వంగి, చాలాసేపు చూసింది. తర్వాత పక్కకి జరిగింది. వెనకాల పదిహేడూ బయటపడ్డాయి.

"చూశావుగా," అంది.

"చూశాను."

"ఏమీ అనవేం?"

"అనను."

"అను."

"వద్దులే అక్కా. ఇవాళ వద్దు."

"పదిహేడు కుండలు తగలేసుకున్నానే. ఎవరో ఒకళ్ళు ఏదో ఒకటి అనాలి కదా. మీ బావని అడిగితే బాగున్నాయంటాడు." అక్క నా పక్కన కూర్చుంది. "నీ నోరు నాకు తెలీదా. లోపల ఎన్ని దాచుకున్నావో అను."

అన్నాను. ఆరూ అన్నాను. నాలుగోదానికి అక్క నవ్వింది.